సందుకలో ఫోటో



పొద్దంతా చెరుకు తోటల్లో పని చేసి వచ్చారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈ రోజు ఫోటోల గురించి మాట్లాడుకుందాం.

పోయిన వారం మన కేంద్రంలో చదివే పెద్దమ్మ ఒకామె సందుక అడుగు నుంచి ఒక ఫోటో తెచ్చింది. ఇరవై మంది దాకా నిలబడి ఉన్నారు. వెనక పొగగొట్టం. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ అది. 1931లో నిజాంసాగర్ కట్ట పూర్తయింది. కాలువ నీళ్లతో మన దిక్కు చెరుకు పెరిగింది. 1937లో ఫ్యాక్టరీ పెట్టారు. 2015 డిసెంబర్‌లో అది మూతపడింది.

"గీమె మా అవ్వ" అని పెద్దమ్మ వేలు పెట్టి చూపింది. పక్కనున్నామె ఎవరంటే తెలవదంది. ఫోటో తిప్పి చూశాం. వెనక ఒక్క అక్షరం లేదు. ఊర్లో అందరికంటే పెద్ద ముసలమ్మ దగ్గరికి తీసుకుపోతే నలుగురి పేర్లు చెప్పింది. మిగతావాళ్లను గుర్తుపట్టేటోళ్లు ఇప్పుడు లేరు.

రాజా దీన్ దయాళ్ అని నిజాం కొలువులో పేరున్న ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. 1892లో హైదరాబాద్‌లో ఘోషా ఆడవాళ్ల కోసం వేరే స్టూడియో పెట్టాడు. అక్కడ ఫోటోలు తీసేది కూడా ఆడమనిషే! ఆయన తీసిన గాజు పలకలు ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. చెరుకు కొట్టినోళ్ల ఫోటోలు మాత్రం మన సందుకల్లోనే ఉన్నాయి. వాటిని మనమే కాపాడుకోవాలి.

పేరు ఫోటో వెనక, అంచున, మెత్తని పెన్సిల్‌తో రాయండి. ఒత్తి రాయకండి. బాల్ పెన్ను అసలే వద్దు. నేను మా నాయనమ్మ ఫోటో వెనక పెన్నుతో రాశాను. ఆమె చెంప మీద గీత లేచింది. ఇప్పటికీ చూస్తే బాధే.

తడి గుడ్డతో తుడవకండి. అద్దానికి అంటుకున్న ఫోటోను పీకకండి, చిరుగుతుంది. అద్దం మీది నుంచే సెల్‌ఫోన్‌తో తీసుకుందాం. లామినేషన్ చేయించవద్దు. తెల్ల కాగితంలో చుట్టి, చెమ్మ, ఎండ, పొయ్యి పొగ తగలని చోట పెట్టండి.

కేంద్రంలో ఒక నోటుబుక్కు పెడదాం. ఫోటోకు ఒక నంబరు, బుక్కులో అదే నంబరు. ఎవరు, ఎక్కడ, ఏ ఏడు, ఎవరింటిది అని రాద్దాం. ఫోటో మాత్రం మీ ఇంటికే తిరిగి వస్తుంది.

మొదటి నంబరు పెద్దమ్మ ఫోటోకే. ఆమె తన అవ్వ పేరు తానే రాసింది. అక్షరాలు పెద్దగా పడి, ఊరి పేరుకు జాగ చాలలేదు. దాన్ని బుక్కులో రాసుకున్నాం.