నెల పడటం వేరు, నెల నిండటం వేరు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ పెద్దలు ఈసారి నన్ను చదువు సంగతి పక్కన పెట్టి, తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే పంతుల్ని. అయితే ఈ విషయంలో మొదటి చిక్కు లెక్క దగ్గరే వస్తోంది. కనుక ధైర్యం చేసి మీ ముందు నిలబడ్డాను.

మన ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది. "తొమ్మిదో నెల పడింది కదా, ఇక ఎప్పుడు పుట్టినా భయం లేదు" అంటారు. ఈ మాటను కాస్త లెక్క వేసి చూద్దాం. ఒక సోదరికి ఆఖరి బహిష్టు మొదటి రోజు జనవరి 1 అనుకోండి. సెప్టెంబరు 1న తొమ్మిదో నెల పడుతుంది. ఆనాటికి గడిచింది 243 రోజులు, అంటే 34 వారాల 5 రోజులు. డాక్టర్లు 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డను నెలలు తక్కువ బిడ్డ అంటారు. ఆ 37 వారాలు సెప్టెంబరు 17కు గాని నిండవు. 39 వారాలు నిండేది అక్టోబరు 1న. నిండు నెలలు అని నిజంగా అనదగ్గది అప్పుడే. కాన్పు తేదీ అక్టోబరు 8. పెద్దవాళ్ళు తొమ్మిది నెలల తొమ్మిది రోజులు అనేవారు చూడండి, ఆ లెక్క చాలావరకు సరైనదే. మనమే దాన్ని కుదించుకుని, నెల పడటాన్ని నెల నిండటం అనుకుంటున్నాం.

ఇంకో నమ్మకం కూడా ఉంది. సత్వాసా బతుకుతాడు, అఠ్వాసా బతకడు అని నానీ అమ్మలు అంటుంటారు. ఏడో నెల బిడ్డ దక్కుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అని మన తెలుగు ఇళ్ళలోనూ అదే మాట. ఇది ప్రాచీన గ్రీకు వైద్యుల కాలం నుంచి వస్తున్న నమ్మకం. నిజం దీనికి పూర్తిగా తలకిందులు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డ మీద ఆశ వదులుకోవటం ఎంత తప్పో, తొమ్మిదో నెల పడగానే నిశ్చింతగా ఉండటం కూడా అంతే తప్పు.

34 నుంచి 36 వారాల మధ్య పుట్టిన బిడ్డ చూపులకు బాగానే ఉంటుంది. రెండు, రెండున్నర కిలోల బరువుంటుంది, ఏడుస్తుంది. చూడవచ్చిన వాళ్ళు కాస్త సన్నంగా ఉంది, అంతేగా అంటారు. ప్రమాదమంతా ఆ అంతేగా అన్న మాటలోనే ఉంది. ఒంట్లో కొవ్వు తక్కువ కనుక అలాంటి బిడ్డ త్వరగా చల్లబడుతుంది. బెజవాడ ఎండల్లో చలి ఎక్కడిది అనకండి. తడి గుడ్డ, కూలరు గాలి చాలు. నోటికి పట్టు చాలక నాలుగు గుక్కలు తాగి నిద్రపోతుంది. అందువల్ల రక్తంలో చక్కెర పడిపోతుంది. ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా సిద్ధపడి ఉండవు కనుక ఆయాసం రావచ్చు. కాలేయం పండలేదు కనుక కామెర్లు ఎక్కువగా వస్తాయి. 35 వారాలకు మెదడు బరువు నిండు నెలల బిడ్డ మెదడులో సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. 37, 38 వారాల బిడ్డకు కూడా 39 వారాల బిడ్డతో పోలిస్తే ఊపిరి కష్టాలు కొంచెం ఎక్కువే.

కామెర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నెలలు తక్కువ బిడ్డకు అవి అయిదో రోజుకో, వారానికో బాగా ముదురుతాయి. అప్పటికి తల్లీబిడ్డలు ఇంటికి వచ్చేసి ఉంటారు. బంధువులు వస్తారు, మిఠాయిలు పంచుతారు. బిడ్డ పచ్చబడితే ఎండ చూపిస్తే పోతుందిలే అనుకుంటారు. అలా కాదండీ. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడ్డాయంటే, పుట్టిన మొదటి రోజునే పచ్చదనం కనిపించిందంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ నీలి దీపం కింద పెడితే చాలామందికి తగ్గిపోతుంది. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది, చెవుడు రావచ్చు. నీలి దీపంతో తప్పిపోయే కష్టం బిడ్డకు జన్మంతా మిగిలిపోకూడదు.

మరి ఇంట్లో చేయవలసినవి ఏమిటి? తల్లి పాలు రెండు, మూడు గంటలకొకసారి పట్టాలి. నిద్రలో ఉంటే లేపి పట్టాలి. బుద్ధిమంతుడు, ఏడవడు అని మురిసిపోవద్దు. ఏడవటానికి ఓపిక లేకపోయి ఉండవచ్చు. చీకలేకపోతే పాలు పిండి, మరిగించి శుభ్రం చేసిన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. ఘుట్టీ, పంచదార నీళ్ళు వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దని డాక్టర్లు చెబుతారు. తహ్నీక్ చేయదలచిన వారు ముందు డాక్టరును అడగాలి. బొడ్డు ఊడేవరకు నీళ్ళు పోయకుండా, వెచ్చని మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. తలకు టోపీ ఉంచాలి. అఖీఖా ఏడో రోజున వీలు కాకపోతే 14వ రోజునో, 21వ రోజునో చేసుకోవచ్చని ఉలమాలు చెబుతున్నారు. బిడ్డ నలతగా ఉంటే తల గొరిగించటానికి తొందర పడవద్దు.

అన్నింటికన్నా మేలైనది ఖర్చు లేనిది. బిడ్డను బట్టలు లేకుండా, టోపీతో, లంగోటీతో తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పటం. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, వెచ్చని పెట్టెలు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు మొదలుపెట్టారు. పుట్టిన వెంటనే ప్రారంభించి రోజుకు 8 గంటలకు తగ్గకుండా చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. తల్లి అలిసిపోతే తండ్రి చేయవచ్చు, దాదీ చేయవచ్చు. మగవాళ్ళు సిగ్గుపడవలసిన పని కాదు.

ఇక కొంచెం చేదు మాట. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 42 కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. అవసరమైన ఆపరేషను ప్రాణం నిలుపుతుంది, దాన్ని తప్పుపట్టటం లేదు. బీపీ పెరిగిందనో, కడుపులో బిడ్డ ఎదగటం లేదనో డాక్టరే ముందుగా తీయాలంటే మారు మాట్లాడకుండా ఒప్పుకోవాలి. కాని కొందరు ముహూర్తం చూసి తేదీ అడుగుతారు. మనం ముహూర్తాలు చూడం గాని, అబ్బాయి కువైట్ వెళ్ళిపోతున్నాడు, పండుగ దగ్గరపడింది, ఇంట్లో పెళ్ళి ఉంది అని ఒక వారం ముందుకు జరపమంటున్నాం. ఆ వారం మనది కాదు, బిడ్డది. తండ్రి సెలవు పొడిగించుకోవచ్చు. బిడ్డ తిరిగి కడుపులోకి పోలేదు.

అన్ని ముందు కాన్పులూ మన చేతిలో లేవు. అయినా రక్తహీనత, మూత్రంలో చీము, అధిక రక్తపోటు, మధుమేహం సకాలంలో కనిపెడితే కొన్నింటినైనా ఆపవచ్చు. కాన్పుకు కాన్పుకు ఎడం ఉండాలి. గుట్కా, జర్దా మానాలి. నీళ్ళు పోతున్నా, ఎరుపు కనబడినా, నడుం నొప్పి పట్టి విడుస్తున్నా రాత్రివేళ అని ఆగవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. పల్లపు పేటల్లో ఉండే నిండు గర్భిణులు వానాకాలంలో తల్లీబిడ్డల కార్డు చేతికి అందేలా ఉంచుకుని, మెరకలో ఉన్న బంధువుల ఇంటికి ముందే చేరటం మంచిది.

డబ్బు భయంతో ఆగిపోకండి. 2011లో మొదలైన జనని శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, జబ్బు చేసిన పసిబిడ్డ వైద్యం, మందులు, రవాణా ఉచితం. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి రావాలి. ఆమెను గుమ్మంలోనే పంపేయకుండా లోపలికి పిలిచి బిడ్డను చూపించండి. పాలు తాగకపోయినా, లేపినా లేవకపోయినా, కాళ్ళు చల్లబడినా, నిమిషానికి 60 సార్లు అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోను చేయండి. దారిలో బిడ్డను రొమ్ముకు ఆనించుకునే తీసుకువెళ్ళండి.

ఇది భయపెట్టటానికి చెప్పింది కాదు. కొద్ది వారాల ముందు పుట్టిన పిల్లలలో అత్యధికులు చక్కగా పెరిగి మా బడికి వస్తున్నారు. కొందరికి మాట, చదువు, ధ్యాస కొంచెం ఆలస్యం కావచ్చు. అడ్మిషను రోజున తల్లిదండ్రులు ఆ సంగతి మాస్టారుకు చెబితే మేమూ ఓపిక పడతాం.

చివరగా ఒక మనవి. ప్రతి ఇంట్లో గోడ క్యాలెండరు ఉంటుంది. గర్భం తెలిసిన నాడే దాని మీద 37 వారాలు, 39 వారాలు నిండే తేదీలు గుర్తు పెట్టించండి. ఈ లెక్క రాని వారికి రాసిచ్చే పనిని మన సొసైటీ యువకులు, చదువుకున్న మన ఆడపిల్లలు చేపట్టాలి. దీనికి చందా అక్కరలేదు, ఒక పెన్సిలు చాలు.

అల్లాహ్ మన పిల్లలందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక.