తాతగారి ఊరు ఏ తాలూకా?
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లం. ఈ కువైట్ గడ్డ మీదే పుట్టి పెరిగిన మన పిల్లలకు మాత్రం సొంత ఊరంటే పాస్‌పోర్టులో ఒక పేరు. అకామా ఉన్నన్నాళ్లే మనం ఇక్కడ. రేపు వాళ్లు ఏ దేశంలో స్థిరపడతారో తెలియదు. పైగా 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు వచ్చిపడ్డాక లక్షకు పైగా భారతీయులు అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇల్లు చేరారు. కట్టుబట్టలతో బయలుదేరినవారి కాగితాలు ఎన్నో ఇక్కడే పోయాయి. అయితే ఇంట్లో పోయిన కాగితానికి ఆఫీసులో నకలు ఉండవచ్చు. దాన్ని ఎక్కడ వెతకాలన్నదే ఈనాటి మన విషయం.

మొదట తెలుసుకోవలసింది ఇప్పటి జిల్లా కాదు, తాతగారి కాలంనాటి తాలూకా, జిల్లా. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 దాకా కడప జిల్లాలోనివి. ఆ ఏడు ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1925కు ముందు తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు లేవు; పశ్చిమ గోదావరిని ఆ ఏడు కృష్ణా జిల్లా నుంచి వేరు చేశారు. 1984లో కరణాల వ్యవస్థ పోయింది, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో జిల్లాలే మారాయి. కనుక పాత తాలూకా కచేరీ రికార్డు ఇప్పుడు ఏ ఆఫీసుకు చేరిందో ముందుగా విచారించాలి.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత క్రయ దస్తావేజులు, భాగపరిష్కార పత్రాలు నకళ్లు దొరుకుతాయి. ఒక్క భాగపత్రంలో తండ్రి, అన్నదమ్ములు, ఊరు, పొలం హద్దులు అన్నీ ఉంటాయి. ఇనాం భూములున్న కుటుంబాలవారు 1860 ప్రాంతపు ఇనాం రిజిస్టర్ల కోసం కలెక్టరు ఆఫీసు రికార్డు రూములో అడగాలి. భూమి లేనివారు నిరాశపడనక్కరలేదు. బడి అడ్మిషన్ రిజిస్టరు, చర్చి బాప్తిస్మ రిజిస్టరు, ఖాజీగారి నిఖా రిజిస్టరు కూడా చరిత్రే.

ఊరి సంగతులకు కైఫియత్తులు ఉన్నాయి. కర్నల్ మెకంజీ (1754–1821) తన సహాయకుల చేత ఊరూరా సేకరింపజేసిన వృత్తాంతాలివి. కడప జిల్లావాటిని కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. వాటిలో మన ముత్తాత పేరు ఉండకపోవచ్చు. ఊరి చెరువు, గుడి, మాన్యాలు ఎలా వచ్చాయో ఉండవచ్చు. పాత పత్రికలకు 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉన్నాయి. 1953 అక్టోబరు 1 దాకా ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివి కనుక ఆనాటి ప్రభుత్వ ఉత్తర్వులకు చెన్నై ఎగ్మోరులోని ఆర్కైవ్స్‌కు పోవాలి. తెలంగాణవారికి హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలపు కాగితాలు ఎక్కువగా పార్శీ, ఉర్దూ భాషల్లో ఉంటాయి కనుక చదివిపెట్టేవారిని తోడు తీసుకుపోవాలి.

ఇవన్నీ ఒకెత్తు, ఇంట్లో ఉన్న పెద్దలు ఒకెత్తు. పాత పట్టాల్లో ఆడవారి పేర్లు అరుదు. నాయనమ్మ పుట్టినిల్లు, అమ్మమ్మ అక్కచెల్లెళ్లు ఎక్కడెక్కడ మెట్టారన్నది ఏ కచేరీలోనూ దొరకదు; అది వాళ్ల నోటనే వినాలి. కాగితం పదేళ్లు ఆగుతుందేమో గాని, తొంభై ఏళ్ల మనిషి ఆగరు. ఈసారి సెలవులో ఊరికి వెళ్లినప్పుడు బజారు పనులకన్నా ముందు ఆమె పక్కన కూర్చోండి. ఇంటిపేరు, తాలూకా, పొలం పేరు, చదివిన బడి అడిగి రాసుకోండి. ఆ చీటీ చేతిలో ఉంటేనే ఏ గుమాస్తా అయినా ఏ కట్ట విప్పాలో చెప్పగలడు.

వచ్చే ఉత్సవానికి ప్రతి కుటుంబమూ తమ వంశం గురించి ఒక్క పుట రాసి తేవాలని, అది పిల్లల చేతనే, తెలుగులోనే రాయించాలని మా మనవి.