ఫ్యానీ కోక్రేన్ స్మిత్ గొంతు – మన భాషలకు ఒక హెచ్చరిక



ఈరోజు మేము ఒక దూరదేశపు ఆదివాసీ తల్లి గురించి చెప్పదలచుకున్నాం. ఆమె పేరు ఫ్యానీ కోక్రేన్ స్మిత్. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవి ఆమె పూర్వీకులది. బ్రిటిష్ వారు వచ్చాక అక్కడి ఆదివాసులు భూమినీ ప్రాణాలనూ పోగొట్టుకున్నారు. మిగిలినవారిని 1830లలో ఫ్లిండర్స్ దీవిలోని వైబలెన్నా శిబిరానికి తరలించారు. ఫ్యానీ 1834లో అక్కడే పుట్టారు. రోగాలతో జనం రాలిపోయి, 1847లో శిబిరం మూసేనాటికి 47 మందే మిగిలారు. వేర్వేరు తెగలను ఒకేచోట కుక్కడంతో వారి భాషలూ చెదిరిపోయాయి.

1876లో ట్రుగనిని అనే ఆమె చనిపోతే, టాస్మానియా ఆదివాసుల్లో ఇక ఎవరూ లేరని పాలకులు ప్రకటించుకున్నారు. ఫ్యానీ మాత్రం బతికే ఉన్నారు. ఆమెకు 11 మంది సంతానం. తాను టాస్మానియా ఆదివాసీనని ఆమె గట్టిగా చెప్పుకున్నారు. 1889లో అక్కడి పార్లమెంటు ఆమెకు 300 ఎకరాల భూమి ఇచ్చింది.

1899లో, మళ్ళీ 1903లో, హోబర్ట్ నగరంలో ఆమె ఫోనోగ్రాఫ్ ముందు తన వాళ్ళ పాటలు పాడారు. గొంతు బాకాలోంచి వెళ్ళి, సూది మైనపు గొట్టం మీద గీత గీస్తుంది. ఒక్కో గొట్టంలో పట్టేది రెండు మూడు నిమిషాలే. విన్న ప్రతిసారీ మైనం కొంత అరిగిపోతుంది. ఆమె 1905లో కన్నుమూశారు. ఆనాటి టాస్మానియా ఆదివాసీ భాషలకు మిగిలిన ధ్వనిముద్రణ అదొక్కటే. తెల్లవారు రాసుకున్న పదాల పట్టికలు ఉన్నాయి గానీ, అవి వారి చెవికి వినిపించినట్టు రాసినవి. 1990ల నుంచి అక్కడి ఆదివాసులు పాత రాతలనూ, పెద్దల నోట మిగిలిన మాటలనూ పోగుచేసి ‘పలావా కాని’ అనే భాషను మళ్ళీ పిల్లల నోటికి తెస్తున్నారు.

ఇక మన సంగతి. గిడుగు వెంకట రామమూర్తి గారు సవరల దగ్గర వారి భాష నేర్చుకొని నిఘంటువు రాశారు. ఆయన పేరు మనందరికీ తెలుసు. ఆయనకు మాట మాట నేర్పిన సవరల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఫ్యానీ పేరు నిలిచింది, ఆమె గొంతూ నిలిచింది. మన అవ్వలకూ అదే దక్కాలి.

మైనపు గొట్టం కోసం మనం వెతుక్కోనక్కరలేదు. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. కోయ, గోండి, కొలామి, కువి, సవర, గదబ ఏదైనా సరే, ముందు అవ్వను అడగండి, ఆమె ఒప్పుకున్నాకే రికార్డు చేయండి. ఆమె పేరు, ఊరు, తేదీ చెప్పించండి. ఒక ప్రతి ఆ ఇంట్లోనే ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ మాటలు పిల్లలతో మాట్లాడండి. మైనం వింటే అరుగుతుంది, భాష మాత్రం మాట్లాడకపోతేనే అరుగుతుంది.