ఆదుకునే డబ్బు ఎక్కడ ఆగుతోంది?



సంక్షోభం వచ్చినప్పుడు ప్రభుత్వం చేయి విప్పాలా, బిగించాలా అని అర్థశాస్త్రం చదివినవాళ్లు దాదాపు వందేళ్లుగా వాదించుకుంటున్నారు. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ అనే బ్యాంకు కూలిపోతే, ఆర్థిక సంస్థల్ని నిలబెట్టడానికి అమెరికా 70,000 కోట్ల డాలర్ల దాకా వెచ్చించడానికి చట్టం చేసింది. ఆ డబ్బు సామాన్యుడి ఇల్లు నిలబెట్టిందా, బ్యాంకు అధికారుల బోనస్‌లు నిలబెట్టిందా అన్న గొడవ అక్కడ ఇంకా తెగలేదు. మన పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాల అనుభవాన్ని బట్టి నేను చెప్పదలచింది ఇది: ఎన్ని కోట్లు ఇచ్చారన్న లెక్క ఒక్కటే చాలదు. ఆ రూపాయి ఎవరి చేతికి, ఏ రోజుకి చేరుతుందో కష్టం రాకముందే రాసిపెట్టుకోవాలి.

ధాత కరువు సంగతి పెద్దల నోట వినే ఉంటారు. 1876–78లో పుంగనూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో జమీందారీ, మదనపల్లె కడప జిల్లాలో తాలూకా. రెండు జిల్లాలూ మాడిపోయాయి. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు పెట్టించింది. ఖర్చు మితిమీరుతోందని వైస్రాయి లిట్టన్, సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఈయన అంతకు మూడేళ్ల ముందే బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. దానికి మెచ్చుకోళ్లు రాలేదు సరికదా, దుబారా మనిషన్న పేరు వచ్చింది. ఆ మచ్చ చెరిపేసుకోవాలనేమో, ఇక్కడ పనికొచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదురు తిరిగాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు గానీ, అప్పటికే ఎందరో పోయారు. లక్షల ప్రాణాలు పోయాక 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, ఆ తర్వాత కరువు నియమావళి వచ్చింది. పని ఎప్పుడు మొదలుపెట్టాలి, కూలి ఎంత, పని చేయలేని వాళ్లకు ఏమివ్వాలి అన్నవన్నీ అధికారి దయకు వదలకుండా ముందే కాగితం మీదికి ఎక్కాయి. వలస పాలనే అయినా, ఆ ఒక్క ఆలోచన మాత్రం సరైనదే.

ఇప్పుడు మన కళ్లముందు జరిగిన సంగతికి వద్దాం. 2025 వేసవిలో తోతాపురి మామిడి విరగ్గాసింది. అంతకుముందు ఏడాది గుజ్జు ఇంకా డబ్బాల్లోనే ఉందనీ, ఎగుమతులు మందగించాయనీ ఫ్యాక్టరీలవాళ్లు కొనుగోలు తగ్గించారు. కిలోకు 12 రూపాయలు రైతుకు దక్కాలని రాష్ట్ర ప్రభుత్వం లెక్క కట్టింది. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. జూలైలో కేంద్రం కూడా క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసల ధర మీద, 1.62 లక్షల టన్నుల దాకా, సగం భారం మోస్తానంది.

కాగితం మీద లెక్క కుదిరింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర కుదరలేదు. టోకెన్ కోసం ట్రాక్టర్లు రోజుల తరబడి రోడ్డు మీద బారులు తీరాయి. ఎండలో కాయ మాగుతోంది, అడుగు వరస నలుగుతోంది, తూకం తరుగుతోంది, డ్రైవరు బత్తా పెరుగుతోంది. అప్పుడు లోపలి మనిషి వచ్చి 8 కాదు, ఇంతే ఇస్తామంటే రైతు ఏంచేయగలడు? మాగిన కాయ బేరానికి ఆగదు. 8 రూపాయలు దక్కలేదని రైతులు రోడ్డెక్కారు. ఇక్కడ ఒక కిటుకు గమనించండి. ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందని ఊరంతా తెలిశాక, కొనేవాడు తన ధర తగ్గించినా రైతు ఎలాగో సర్దుకుంటాడని వాడికీ తెలుసు. అలా తగ్గిన ప్రతి రూపాయీ రైతు పేరు మీద ఖజానా నుంచి బయల్దేరి ఫ్యాక్టరీ పద్దులో ఆగినట్టే. తన 4 రూపాయలు ప్రభుత్వం పంపగలదు. ఎదుటివాడి 8 రూపాయలు ఇప్పించే పట్టు దాని చేతిలో ఉందా అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో ముచ్చట. పొరుగు రాష్ట్రం కాయ రాకూడదని అదే ఏడాది జూన్‌లో చిత్తూరు కలెక్టరు ఉత్తర్వులిచ్చారు. దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. కర్ణాటకలోని శ్రీనివాసపురం వైపు తోటలవాళ్లలో మనకు వియ్యంకులున్నారు. మన రైతును ఆదుకుంటూ వాళ్లను గేటు బయట నిలబెట్టాం. సంక్షోభం సరిహద్దు చూసి రాలేదు, సాయం మాత్రం సరిహద్దు దగ్గర ఆగింది.

ఇక ఆలస్యం సంగతి. 2014లో రుణమాఫీ కుటుంబానికి లక్షన్నర దాకా అన్నారు. చిన్న బాకీలు ఒకేసారి తీర్చి, మిగతావాటిని విడతలుగా ఇస్తామన్నారు. చివరి రెండు విడతలు అందకుండానే 2019 ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. మాఫీ వస్తుందని బ్యాంకు బాకీ కట్టకుండా ఆగిన రైతు మీద వడ్డీ పెరిగింది. కొత్త అప్పు పుట్టక బయట వడ్డీకి తెచ్చుకున్నవాళ్లు మీలోనే ఉంటారు. ఆలస్యంగా వచ్చిన సాయం అప్పిచ్చినవాడిని పోషిస్తుంది.

దీనికి భిన్నంగా నడిచింది కరువు పని, అంటే ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరిలో పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత జిల్లాల్లో చిత్తూరూ ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి, కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవాళ్లంతా ఇంట్లో కూర్చున్నప్పుడు, కొత్త పథకం కనిపెట్టాల్సిన పని లేకపోయింది. కార్డు ఉంది, ఖాతా ఉంది, కూలి రేటు ఉంది. మన రాష్ట్రంలో ఆ ఏడాది రోజుకు 237 రూపాయలు. కేంద్రం అదనంగా 40,000 కోట్లు కేటాయించింది. కూలి ఆలస్యాలు, మస్టర్ల అవకతవకలు లేవని నేననను. కానీ డబ్బు పారడానికి కాలువ అప్పటికే తవ్వి ఉంది.

ఇంత డబ్బు ఎక్కడిదని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. అప్పు తెచ్చి ఇచ్చేదానికి రేపు మన పిల్లలే వడ్డీ కట్టాలి. అందుకే ఇచ్చేది దారిలో ఎవరి దగ్గరా ఆగకూడదంటున్నాను.

అంచేత మూడు అడుగుదాం. మామిడి పూత నిలవగానే, కోతకు ముందే, ఏ ఫ్యాక్టరీ ఎన్ని టన్నులు ఏ ధరకు కొంటుందో మార్కెట్ కమిటీలో ఒప్పందం నమోదు కావాలి. ధర ఎంతకు పడిపోతే ప్రభుత్వం దిగుతుందో, టమాటాకైనా మామిడికైనా, ఆ గీత ముందే ప్రకటించాలి. 2023 వేసవిలో మదనపల్లెలో టమాటా ధర ఆకాశానికి ఎక్కితే, కొనేవాళ్ల కోసం రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించారు. ధర పెరిగినప్పుడు చూపిన ఆ చురుకు పడిపోయినప్పుడూ చూపాలి. ఇక మూడోది, సబ్సిడీ పుచ్చుకున్న ప్రతి సరుకుకీ ఫ్యాక్టరీ చెల్లించిన ధర రైతు పేరు పక్కన బోర్డు మీద పెట్టాలి. తన వాటా ఎగ్గొట్టినవాడికి మరుసటి ఏడు ప్రభుత్వ రాయితీ ఏదీ ఉండకూడదు.

ఈ మూడూ అడగడానికి మంచి సమయం పంట చేతికి రాని నెలలే. కాయ ట్రాక్టరెక్కాక మన మాట ఎవరూ వినరు.