పదిహేనేళ్ళ రికార్డు తరువాత

ఈరోజు పట్టాలు అందుకున్న మీ అందరికీ నా అభినందనలు. ఆ నల్ల గౌన్లలో మీకు ఎంత ఉక్కపోస్తోందో తెలుస్తూనే ఉంది. మర్యాదలు ఇంతటితో చాలిద్దాం.

నన్ను బ్యాంకు అధికారిగా పరిచయం చేశారు. నిజమే. ఇక్కడికి దగ్గరలోనే, అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు దాటాక ఉన్న ఒక శాఖలో చాలా ఏళ్ళు పనిచేశాను. నా సెలవులు మాత్రం చదరంగానికే పోయాయి. మొదట ఆడాను, ఆ తరువాత టోర్నమెంట్లకు ఆర్బిటర్‌గా, అంటే ఆటల న్యాయనిర్ణేతగా, వెళ్ళాను. పోటీ లేని ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల ముందు గొంతుక్కూర్చుని చదరంగం పుస్తకాలు వెతుక్కునేవాణ్ణి. ఒక్కోదాంట్లో అంతకుముందు చదివినవాళ్ళు పెన్సిలుతో రాసుకున్న ఎత్తులుండేవి. ఓడిన ఆట పక్కన ‘ఇక్కడ గుర్రం కదపాల్సింది’ అని రాసుకున్న మనిషి ఎవరో నాకు తెలియదు కానీ, ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. అందుకే ఈరోజు నాకు తెలిసిన చదరంగం గురించే మాట్లాడతాను.

ఆర్బిటర్ పని నిలబడి చూడటం. మేము ముఖాలకంటే చేతులే ఎక్కువ చూస్తాం. ఆడేవాళ్ళు ప్రతి ఎత్తునూ స్కోరుషీటు మీద రాయాలి. పిల్లల షీటు మీద మొదటి పది ఎత్తులూ ముత్యాల్లా ఉంటాయి. ఆట చెయ్యిజారుతున్నకొద్దీ అక్షరాలు గీత దిగి వంకరపోతాయి. ఆట ముగిశాక ఇద్దరూ సంతకాలు పెట్టి, పై కాపీ మాకిచ్చి, కార్బన్ కాపీ తమ దగ్గర ఉంచుకుంటారు. ఒకసారి ఓడిపోయిన ఒక పాప ఆ కాపీని నాలుగు మడతలు పెట్టి కంపాస్ బాక్సులో దాచుకుంది. మెట్ల దగ్గర తండ్రి ఎదురొచ్చాడు. ఆట ఎలా సాగిందని అడగలేదు. "నీ వయసుకి హంపి ఏం చేసిందో తెలుసా?" అన్నాడు.

ఆయన చెప్పబోయింది అబద్ధం కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 1997లో పదేళ్ళకే ప్రపంచ అండర్-10 బాలికల విజేత. 2002లో పదిహేనేళ్ళ ఒక నెలా ఇరవై ఏడు రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మహిళగా అప్పటిదాకా జూడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును మూడు నెలల తేడాతో చెరిపేసింది. ఆ నెలలూ రోజులూ ఆంధ్రదేశంలో చదరంగం నేర్చుకునే ప్రతి ఇంట్లోనూ కంఠతా వచ్చు.

నా బాధంతా ఇక్కడే ఉంది. ఆ లెక్క కంఠతా వచ్చినవాళ్ళకు ఆ తరువాతి ఇరవై ఏళ్ళు రావు. ఆ రికార్డు ఆరేళ్ళకే పోయింది. చైనా అమ్మాయి హౌ యిఫాన్ 2008లో పద్నాలుగేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2011లో ప్రపంచ టైటిల్ కోసం ఆ యిఫాన్‌తోనే ఆడి హంపి ఓడిపోయింది. తరువాత పెళ్ళి, 2017లో కూతురు, కొంతకాలం ఆటకు దూరం. తిరిగొచ్చాక 2019 డిసెంబరులో మాస్కోలో, వేగంగా ఆడే ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ విజేత అయింది. ఐదేళ్ళ తరువాత న్యూయార్క్‌లో అదే పోటీలో మొదటి రౌండే ఓడింది. అక్కణ్ణుంచి పుంజుకుని, పదకొండు రౌండ్లలో ఎనిమిదిన్నర పాయింట్లతో మళ్ళీ గెలిచింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏడేళ్ళు. మెట్ల దగ్గర ఆ తండ్రి చెప్పాల్సిన హంపి ఈ హంపి.

‘నీ వయసుకి’ అనే ఆ తండ్రి ప్రశ్న ఇప్పుడు మీ తల్లిదండ్రులు అడగనక్కర్లేదు, మిమ్మల్ని మీరే వేసుకుంటున్నారు. ఇరవై ఒక్కేళ్ళ పిల్లలు నా దగ్గరికొచ్చి "అంకుల్, ఇప్పటికే లేటైపోయింది" అంటుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. దేనికి లేటు? ఎవరి గడియారం చూసి చెబుతున్నారు? చదరంగంలో కూడా ఎవరి టైము వాళ్ళకే ఉంటుంది. పక్క బోర్డు మీది క్లాక్ చూసి ఎవరూ ఎత్తు వేయరు. అలా వేస్తే మందలించాల్సిన మొదటివాణ్ణి నేనే!

గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణను చూడండి. తాతగారి దగ్గర ఆట నేర్చుకున్నాడు. 2001లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచాడు. ప్రపంచంలో మొదటి పదిమందిలో చేరింది మాత్రం 2016 చివర్లో, ముప్ఫై ఏళ్ళకు. మధ్యలో పదిహేనేళ్ళు! దేశాలు తిరుగుతూ, రేటింగ్ పెరుగుతూ తగ్గుతూ గడిచిన ఆ ఏళ్ళ గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు. 2024లో, దేశాల జట్లు తలపడే చదరంగ ఒలింపియాడ్‌లో, బుడాపెస్ట్‌లో భారత్ మొదటిసారి స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టులో ముప్ఫై ఎనిమిదేళ్ళ హరికృష్ణ ఐదో ఆటగాడు. బోర్డుల మీద గుకేశ్, ప్రజ్ఞానంద, మన వరంగల్ అర్జున్ ఎరిగైసి లాంటి కుర్రాళ్ళు ఆడుతుంటే చాలా రౌండ్లు బయట కూర్చున్నాడు. ఆ ఏడాది చివర్లో సింగపూర్‌లో గుకేశ్ పద్ధెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు. చెన్నైలోని తెలుగు కుటుంబం పిల్లవాడు, మనందరికీ గర్వకారణం. ఆ గెలుపు వెనక కూర్చుని ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో హరికృష్ణ ఉన్నాడు. పద్ధెనిమిదేళ్ళ వార్త మీరు చదివారు. దాని పక్కనే ఉన్న ముప్ఫై ఎనిమిదేళ్ళ వార్త కూడా చదవాలని నా కోరిక.

బుడాపెస్ట్‌లో మహిళల జట్టూ స్వర్ణం గెలిచింది. అందులో మన ద్రోణవల్లి హారిక ఉంది. 2004లో మొదలుపెట్టి ఒలింపియాడ్‌లు ఆడుతూనే ఉంది. 2022లో మహాబలిపురంలో నిండు గర్భిణిగా ఉండి కూడా బోర్డు ముందు కూర్చుంది. అప్పుడు జట్టుకు కాంస్యం వచ్చింది. స్వర్ణం కోసం ఇంకో రెండేళ్ళు ఆగాల్సి వచ్చింది.

ఎన్నేళ్ళైనా ఆట వదలకపోవడంలో నా తరానికి గురువు ఫిలిప్పీన్స్ మనిషి, యూజీన్ టోరె. 1974లో నీస్ ఒలింపియాడ్‌లో ఆసియా ఖండానికే మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 1976లో మనీలాలో అప్పటి ప్రపంచ విజేత కార్పోవ్‌ను ఓడించాడు. ఆయన వల్ల ఆ దేశంలో చదరంగానికి ఎంత ఊపొచ్చిందంటే, టీవీలో చదరంగం పజిళ్ళ కార్యక్రమం నడిచేది. తండ్రి ఉద్యోగరీత్యా అప్పుడు మనీలాలో ఉన్న మన విశ్వనాథన్ ఆనంద్ చిన్నతనంలో ఆ పజిళ్ళతోనే ఆటలో పడ్డాడు. టోరె ప్రపంచ విజేత కాలేదు, 1983లో ప్రపంచ విజేతకు పోటీదారుణ్ణి తేల్చే క్యాండిడేట్స్ దాకా వెళ్ళి ఓడిపోయాడు. అయినా ఆట మానలేదు. 2016 బాకు ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద పదకొండు ఆటలాడి, ఒక్కటీ ఓడకుండా పది పాయింట్లు సాధించి కాంస్య పతకం అందుకున్నాడు. అప్పుడాయన వయసు అరవై నాలుగు.

గ్రాండ్‌మాస్టర్ హోదా ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది, మోసం చేసి పట్టుబడితే తప్ప దాన్నెవరూ వెనక్కి తీసుకోరు. రేటింగ్ అలా కాదు. నెలనెలా కొత్త జాబితా వస్తుంది, పోయిన నెల గెలిచింది ఈ నెల పోవచ్చు. మీ చేతిలోని పట్టా మొదటి రకం, దాన్ని పటం కట్టించుకోండి, అమ్మానాన్నలకు చూపించండి. రేపటినుంచి మీరు వెళ్ళేది రెండో జాబితాలోకి. అక్కడ మీరు ఏ వయసులో మొదలుపెట్టారని ఎవరూ చూడరు. ఓడిన ఆటను ఇంటికి తీసుకెళ్ళి, కూర్చుని, ఎక్కడ తప్పిందో చూసుకునేవాళ్ళే అందులో నిలిచారు. నేను నిలబడి చూసినంతలో ఇది తప్పిపోవడం అరుదు. అందుకే ఓడగానే స్కోరుషీటు నలిపి చెత్తబుట్టలో పారేసే పిల్లల్ని ఈరోజుకీ కేకలేస్తాను.

ఒక్క పని అడుగుతాను, చేసిపెట్టండి. మీ ఇళ్ళల్లో తమ్ముళ్ళున్నారు, చెల్లెళ్ళున్నారు, రేపు మీ పిల్లలుంటారు. వాళ్ళు ఓడిపోయి ఇంటికొచ్చినప్పుడు వాళ్ళ వయసుకి ఇంకెవరు ఏం సాధించారో చెప్పకండి. పక్కన కూర్చుని, ఆట చూపించమని అడగండి.