ట్రాక్టరు తుప్పు: జింకు దిమ్మ పనిచేసే చోటు, చేయని చోటు



దమ్ములు ముగిసి ట్రాక్టర్లు కొట్టాలకు చేరిన తరువాత చాలామంది చూడని పని ఒకటి ఉన్నది. అది తుప్పు. ఇంజను సంగతి మెకానిక్కు చూస్తాడు. ట్రక్కు అడుగుభాగం సంగతి ఎవరూ చూడరు. ఈమధ్య కొందరు రైతులు ఒక ప్రశ్న వేస్తున్నారు. “పడవలకు జింకు దిమ్మలు బిగిస్తారు గదా, అలాంటిది ఒకటి ట్రాక్టరుకు బిగిస్తే తుప్పు పట్టకుండా ఉంటుందా?” అని. ప్రశ్న మంచిదే. జవాబు మాత్రం ఒక్క మాటలో చెప్పేది కాదు.

మీ ఇంట్లో పాత టార్చిలైటు బ్యాటరీ ఉంటే గుర్తుకు తెచ్చుకోండి. మామూలు రకం బ్యాటరీని చాలాకాలం అలాగే వదిలేస్తే పై డొక్కు చిల్లులుపడి రసం కారుతుంది. ఆ డొక్కు జింకుతో చేసినది. మన పెద్దలు దీన్నే తుత్తునాగం అనేవారు. బ్యాటరీ కరెంటు ఇస్తున్నంతసేపూ ఆ జింకు కరిగిపోతూ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి, రెండూ ఒకే తడిలో ఉంటే, ఎక్కడైనా జరిగేది ఇదే. మెగ్నీషియం, జింకు, ఇనుము, రాగి అని వరుస చెప్పుకుంటే, ముందున్నది కరిగి వెనుకదాన్ని కాపాడుతుంది. జింకు ఇనుమును కాపాడుతుంది. అదే ఇనుము రాగికి తగిలితే తానే బలి అవుతుంది.

ఈ ఉపాయాన్ని 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఓడల మీద ప్రయోగించాడు. ఓడల అడుగున తాపిన రాగిరేకులు సముద్రపునీటికి తినిపోతుంటే, వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి తినిపోవడం ఆగింది. అయితే తమాషా చూడండి, రాగి కొంచెం కొంచెంగా కరగడం వల్లనే అంతవరకు ఓడకు నాచు, గుల్లలు పట్టకుండా ఉండేవి. రాగి కరగడం ఆగేసరికి అవి దట్టంగా పట్టి ఓడ వేగం తగ్గింది! ఈనాడు ఇనుప ఓడలకు, పడవల పంకాల దగ్గర బిగించే దిమ్మలు ఆ పద్ధతివే. ఆ దిమ్మలకు రంగు వేయకూడదు. వేస్తే నీరు తగలదు, పని జరగదు.

ఇక ట్రాక్టరు మాట. పడవ అడుగంతా నీటిలోనే ఉంటుంది గనుక దిమ్మ నుంచి ఇనుము వరకు నీటిలో దారి ఉన్నది. ట్రాక్టరు, ట్రక్కు గాలిలో ఉంటాయి. మడ్‌గార్డు మీద ఒక తడి మరక, చాసిస్ మూలలో ఒక బురద ముద్ద, మధ్యలో అంతా పొడి. ముందు ఇరుసుకు బిగించిన జింకు దిమ్మ వెనుక మడ్‌గార్డును కాపాడలేదు. అంటుకుని ఉన్న తడిలో కొద్ది మేర మాత్రమే దాని ప్రభావం. కాబట్టి వాహనానికంతటికీ ఒక దిమ్మ చాలునని ఎవరైనా అమ్మవస్తే, ఆ డబ్బుతో మంచి రంగు కొనుక్కోండి.

అయితే జింకు వాహనానికి అసలే పనికిరాదా? వస్తుంది, పూతగా వస్తుంది. గాల్వనైజు చేసిన రేకు మీద గీత పడినా, పక్కనున్న జింకు కరిగి ఆ గీతను కాస్తుంది. నూనెడబ్బాకు ఉండే తగరపు పూత అలా కాదు. గీత పడినచోట ఇనుమే ముందు తినిపోతుంది. ట్రక్కుకు కొత్త రేకు వేయించేటప్పుడు గాల్వనైజు రేకు అడగండి. దాన్ని వెల్డింగు చేసేటప్పుడు లేచే తెల్లని పొగ పీలిస్తే జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఆ పని ఆరుబయట, గాలికి ఎదురు లేకుండా చేయించాలి. వెల్డింగు వేడికి అతుకు దగ్గర జింకు పోతుంది గనుక, అక్కడ జింకుపొడి ఎక్కువగా కలిసిన ప్రైమరు పూయాలి. అదికూడా ఇనుము తళతళలాడేదాకా గీకిన తరువాతే. తుప్పు మీద పూస్తే జింకు ఇనుముకు తగలదు, డబ్బు దండుగ. రెడ్ ఆక్సైడు వేరు. అది నీటిని అడ్డుకుంటుందేగాని తాను కరిగి కాపాడేది కాదు.

నీళ్ళ ట్యాంకరు ఉన్నవారికి మాత్రం దిమ్మ ఉపాయం లోపలిభాగంలో పనికివస్తుంది. ఎప్పుడూ నీరు నిండి ఉండే ఇనుప ట్యాంకులో, మంచినీటికైతే జింకుకన్నా మెగ్నీషియం కడ్డీ మేలు. కరెంటు గీజర్లలో ఉండేది అదే. కడ్డీ ట్యాంకు ఇనుముకు గట్టిగా తగిలి ఉండాలి. ఏటేటా తీసి చూసి, బాగా సన్నబడితే మార్చాలి. నీటిమట్టానికి పైన ఉన్న ఇనుమును అది కాపాడదు.

మిగిలినదంతా చేతిపనే. ఎరువులు, ముఖ్యంగా పొటాష్ మోసిన ట్రక్కును ఆ సాయంత్రమే కడగండి. పొటాష్‌లో క్లోరైడు ఉన్నది, ఉప్పులాగే ఇనుమును తింటుంది. కోస్తాలో ఉప్పు, చేపలు, రొయ్యల చెరువుల సామాను మోసేవారికి ఇది మరీ అవసరం. నేలరేకు మూలల్లో నీరు పోయే రంధ్రాలు బురదతో పూడిపోతే పుల్లతో తీయండి. ఇత్తడి సామాను బిగించిన చోట చిన్న ఇనుప బోల్టు పెట్టవద్దు. పెద్ద ఇత్తడికి చిన్న ఇనుము తగిలితే బోల్టు త్వరగా తినిపోతుంది.

ట్రక్కును ట్రాక్టరుకు కలిపే కొక్కెం, పిన్ను, దాని వెల్డింగు అతుకులు మాత్రం ప్రతి సీజనుకు ముందు చూడండి. తుప్పును బ్రష్షుతో గీకి, సుత్తితో తట్టి చూడండి. పొరలుగా ఊడివచ్చినా, పిన్ను నడుం సన్నబడినా మార్పించండి. అక్కడ రంగు వేసి కప్పివేయడం వద్దు. ఆ ట్రక్కులో ధాన్యం బస్తాల మీద కూలీలు కూర్చుని వస్తారు.