సంగీత సభలో శ్రోత
(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంగీతాన్ని గురించిన ప్రసంగం సాధారణంగా వాగ్గేయకారులతో ప్రారంభమై గాయకుల ప్రశంసతో ముగుస్తుంది. గాయకులకు బిరుదులున్నాయి, సన్మానాలున్నాయి, జీవిత చరిత్రలున్నాయి. వేదికకు ఎదురుగా చాప మీదనో, కుర్చీలోనో కూర్చుని మూడు గంటలపాటు మౌనంగా వినే వ్యక్తికి మాత్రం చరిత్ర లేదు. అతడు లేనిదే కచేరీ లేదు. పంట పండించినవాడు ఒకడైతే దాని రుచి తెలిసి ఆరగించేవాడు మరొకడు. రెండవవాడు కరవైన నాడు మొదటివాడు నాగలి దించుతాడు. కాబట్టి నేటి ప్రసంగానికి నాయకుడు శ్రోత. ఆ శ్రోతకూ, తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే ఈ పాఠశాలకూ గల సంబంధమేమిటో చివరకు తేటతెల్లమవుతుంది.

హొసకోటెలో చిన్న అంగడి నడుపుకొనే ఒక సంగీతాభిమానిని ఊహించుకోండి. ఇంట తెలుగు, వీధిలో కన్నడం అతని వాడుక. చైత్రమాసం వచ్చిందంటే అతనికి కాలు నిలవదు. సాయంకాలం అంగడిని మరొకరికి అప్పగించి, కృష్ణరాజపురం మీదుగా బెంగళూరు మార్కెట్టుకు పోయే బస్సు పట్టుకుంటాడు. దూరం సుమారు 25 కిలోమీటర్లే అయినా బండ్ల రద్దీలో ఆ ప్రయాణం ఎంతసేపు పట్టేదీ ఎవరూ చెప్పలేరు. దిగి నాలుగడుగులు వేస్తే చామరాజపేట కోట హైస్కూలు మైదానం. శ్రీరామనవమి సంగీతోత్సవమంటే బెంగళూరువాసులకు దశాబ్దాల తరబడి జ్ఞాపకం వచ్చేది ఆ మైదానమే.

ఎస్.వి. నారాయణస్వామి రావు 1939లో నెలకొల్పిన శ్రీరామసేవా మండలి ఈ ఉత్సవాన్ని ఏటా నిర్వహిస్తూ వచ్చింది. పండుగ ఒక్కరోజుదే అయినా కచేరీలు దాదాపు నెలరోజులు సాగుతాయి. సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి మహామహులు ఆ చప్పరం కింద గానం చేశారు. అది గాలి చొరని మందిరం కాదు. ఒకవైపు బస్సుల కూతలు, మరొకవైపు మార్కెట్టు సందడి, మధ్య మధ్య వేసవి వాన. అయినా ఆలాపన నాలుగు సంగతులు దాటేసరికి వీధి చప్పుడు ఎక్కడికో తొలగిపోతుంది. చప్పుడు నిజానికి తగ్గలేదు. శ్రోత మనస్సు నిలకడ చెందింది. విద్యార్థులారా, ఏకాగ్రత అని తరగతిలో చెప్పే మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

మొదటిసారి కచేరీకి వెళ్లిన వానికి ఏమీ అర్థం కాదు. ఒకే పంక్తిని ఇన్నిసార్లు ఎందుకు పాడుతున్నారని విసుగు పుడుతుంది. పక్కనున్న పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ ఎందుకు తల ఊపుతున్నాడో బోధపడదు. అయినా వచ్చినవాడు మరునాడు మళ్లీ వస్తే, ఆ రాకయే అతనికి ఉపనయనం. క్రమంగా చేతికి తాళం పట్టుబడుతుంది. ఎనిమిది అక్షరాల ఆదితాళంలో పాట ఎక్కడ ఎత్తుకున్నారో, ఎక్కడ ముగించారో చేయే చెబుతుంది. కొంతకాలానికి చెవి పదునెక్కుతుంది. అయిదు స్వరాల మోహన ఒకనాడు తనంతట తానే గుర్తుకు వస్తుంది. ఆ పేరును పక్కవారికంటె ముందు మనసులో అనుకొని, తరువాత అది సరియైనదని తెలిసిన క్షణంలో శ్రోతకు కలిగే సంతోషం పరీక్షలో ప్రథమ శ్రేణి వచ్చిన బాలుని సంతోషానికి ఏమాత్రం తీసిపోదు.

పిమ్మట కచేరీ నడక తెలుస్తుంది. నేటి కచేరీలకు ఒక క్రమాన్ని స్థిరపరచిన ఘనత అరియక్కుడి రామానుజ అయ్యంగారికి (1890–1967) దక్కుతుంది. ముందు వర్ణం, తరువాత చిన్న కృతులు, ఆపైన విస్తారమైన ప్రధాన కృతి, తని ఆవర్తనం, తుకడాలు, చివర మంగళం. ఇందులో గాయకుడు ముందుగా నేర్చుకున్నది కొంత, అప్పటికప్పుడు ఊహించేది కొంత. ఆలాపన, నెరవల్, స్వరకల్పన అనేవి మనోధర్మానికి చెందినవి. నిన్న పాడిన కల్యాణి నేడు ఉండదు. గాయకుడు విడిచిన సంగతిని ఫిడేలు అందుకొని మరొక మెరుగు దిద్దితే, గాయకుడే చిరునవ్వుతో చేయి చాచి మెచ్చుకుంటాడు. ఆ చిరునవ్వును చూడడానికే రెండు బస్సులు మారి వచ్చే శ్రోతలున్నారు.

ఫిడేలు ప్రస్తావన వచ్చినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడును తలచుకోకుండా ఉండలేము. ఆంధ్రదేశమంతా తమవాడని గర్వించే ఆ మహానుభావుడు 1893లో జన్మించినది బెంగళూరులోనే. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో 1919లో ఆచార్యుడై, 1936లో అధ్యక్షుడై ఎందరికో విద్యాదానం చేశాడు. బెంగళూరులో జన్మించిన తెలుగువాడు విజయనగరానికి కీర్తి తేగా, మైసూరు సీమకు చెందిన చౌడయ్య ఏడు తంత్రుల ఫిడేలుతో దక్షిణదేశమంతటినీ ఆకట్టుకున్నాడు. ఆయన పేరిట బెంగళూరులో 1980లో వెలసిన సంగీత మందిరాన్ని ఫిడేలు ఆకారంలోనే నిర్మించారు. కళకు సరిహద్దు రాళ్లు లేవనడానికి ఇంతకంటె సాక్ష్యం కావాలా?

తని ఆవర్తనం సంగతి ఒకటి చెప్పక తప్పదు. మృదంగ, ఘట విద్వాంసులు తమ విద్య చూపే ఆ పావుగంటను కాఫీ విరామంగా భావించి లేచిపోయేవారు ఎక్కువ. రెండు గంటలు ఇతరుల పాటకు అండగా వాయించిన వ్యక్తికి తన వంతు వచ్చినప్పుడు వీపు చూపడం మర్యాద కాదు. మంచి శ్రోత అప్పుడు నిటారుగా కూర్చుంటాడు. లెక్క తప్పకుండా తాళం వేస్తూ, ముక్తాయింపు సరిగ్గా పాట ఎత్తుగడకు వచ్చి చేరినప్పుడు అప్రయత్నంగా 'భళా' అంటాడు. వినడం కూడా ఒక సంస్కారం. తరగతిలో పరుల మాట పూర్తి అయ్యేదాకా ఆగడం నేర్చిన పిల్లవానికి ఆ సంస్కారం సులభంగా అబ్బుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. తాళం తెలిసింది, రాగం తెలిసింది. మిగిలింది సాహిత్యం. ఇక్కడనే హొసకోటె అంగడివానికి, సంగీత శాస్త్రం చదివిన పండితునికి కూడా లేని ఒక భాగ్యం ఉన్నది. వేదిక మీద వినిపించే కృతులలో అధిక భాగం అతని ఇంటి భాషలో ఉన్నవి. త్యాగరాజస్వామి (1767–1847) తమిళసీమలో తిరువారూరులో జన్మించి, తిరువైయ్యారులో జీవించి, ఇంటి భాష అయిన తెలుగులోనే తన రాముణ్ణి పిలిచాడు, నిలదీశాడు, అలిగాడు, బ్రతిమాలాడు. ఆయన కృతులలో నేడు లభించేవి సుమారు 700. శ్యామశాస్త్రి కూడా తెలుగులో రచించాడు. మైసూరు ఆస్థాన విద్వాంసుడైన వాసుదేవాచార్యులు (1865–1961) కన్నడ దేశంలో ఉండి తెలుగులో, సంస్కృతంలో కృతులల్లాడు. వీరెవరూ తెలుగు రాజ్యంలో నివసించినవారు కారు. పరిసర భాష వేరైనా తెలుగును విడువనివారు. ఈ పాఠశాలలో చదివే పిల్లల స్థితి సరిగ్గా అదే కాదా?

సాహిత్యం తెలిసి వినేవానికి సంగతుల అర్థం మారిపోతుంది. గాయకుడు ఒక పంక్తిని పదిసార్లు పదివిధాలుగా పాడుతున్నది విసుగు లేక కాదని, దీనుడు ఒకే ప్రార్థనను పదిసార్లు పదిరకాల గొంతులతో చెప్పుకోవడం వంటిదని తోస్తుంది. మాటను ఎక్కడ విరవాలో తెలియక గాయకుడు తప్పు చోట ఊపిరి తీస్తే, ఆ ముక్కు చెక్క అయిన మాట ఇతరులకు వినిపించదు గాని తెలుగు శ్రోతకు అన్నంలో రాయిలాగ తగులుతుంది. అట్లని గాయకుణ్ణి ఎగతాళి చేయడం తగదు. తెలుగు తన భాష కాకపోయినా, తన లిపిలో వ్రాసుకొని, అర్థం అడిగి తెలుసుకొని, వందల కృతులను కంఠస్థం చేసినవారు తమిళనాట, కన్నడనాట, కేరళలో ఎందరో ఉన్నారు. వారికి చేతులెత్తి నమస్కరించాలి.

విచారించవలసిన విషయం వేరే ఉన్నది. తెలుగు రానివారు తెలుగు పాటను తలకెత్తుకుంటూ ఉండగా, తెలుగు ఇంటి భాషగా గలవారి పిల్లలు దానిని చదవడం మానివేస్తున్నారు. కన్నడం ఈ నేల భాష, అన్నం పెట్టే భాష. దానిని శ్రద్ధగా నేర్వాలి, గౌరవించాలి. ఇంగ్లీషు ఉద్యోగానికి కావాలి. ఈ రెంటికీ ఎవరూ అడ్డు చెప్పరు. కాని తెలుగు చదివి ఏమి ప్రయోజనమని తల్లిదండ్రులే ప్రశ్నిస్తున్నారు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇటువంటి సందర్భానికే పుట్టింది. లోకమంతా ఏ భాషలో పాడుతున్నదో ఆ భాష ఇంటిలోనే ఉండి, దానిని చదవలేని స్థితి మనుమలకు వస్తే ఆ నష్టాన్ని ఏ ఉద్యోగం పూడ్చుతుంది?

ఈ సందర్భంలో బాలికలు విశేషంగా తెలుసుకోవలసిన పేరు బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టి, కన్నడ, తెలుగు, సంస్కృతాలు నేర్చి, బిడారం కృష్ణప్ప వద్ద సంగీతం అభ్యసించింది. ముద్దుపళని తెలుగు కావ్యాన్ని 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషి. తిరువైయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై ఉన్నదని తెలిసి, తన ఆర్జనను వెచ్చించి మందిరం కట్టించింది. 1921లో పునాది పడిన ఆ కట్టడానికి 1925లో ప్రతిష్ఠ జరిగింది. అయితే ఆ రోజులలో ఆరాధనలో స్త్రీలు పాడడానికి అనుమతి లేదు. గుడి కట్టించినామెకే గొంతు విప్పే హక్కు లేదన్నమాట! ఆమె నిందిస్తూ కూర్చోలేదు. 1927లో స్త్రీల బృందంతో వేరుగా ఆరాధన జరిపించింది. కాలక్రమంలో పక్షాలన్నీ కలిసి, స్త్రీ పురుషులు ఒకే చోట పాడే నేటి పద్ధతి ఏర్పడింది. 1952లో గతించిన ఆమె సమాధి స్వామి సన్నిధికి ఎదురుగానే ఉన్నది. గొప్ప శ్రోత, గొప్ప భక్తురాలు చేయగల పనికి అంతకుమించిన నిదర్శనం లేదు.

అంతదూరం పోనక్కరలేదు. హొసకోటె నుండి చింతామణి దారిలోనే ఉన్న కైవారంలో, గాజులమ్ముకొని జీవించి పిదప యోగి అయిన నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడాడు. ఆయన పేరిట గురుపూర్ణిమకు అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది. రెండు భాషలు ఒకే కంఠంలో కలహం లేకుండా ఇమిడిన వైనం ఈ సీమ పిల్లలకు సహజంగా సంక్రమించిన ఆస్తి.

నేడు సెల్‌ఫోను మీట నొక్కితే ఏ విద్వాంసుని పాటయినా ఇంట వినిపిస్తుంది. ఒకనాడు రేడియో చేసిన మేలు, తరువాత క్యాసెట్టు చేసిన మేలు, ఇప్పుడు ఇది చేస్తున్నది. కాదనకూడదు. అయితే యంత్రంలో పాట ముందే ముగిసిపోయి ఉంటుంది. సభలో పాట కళ్లముందు పుడుతుంది. గాయకుని గొంతు ఒక్కక్షణం జీరబోతే సభ అంతా ఊపిరి బిగబట్టడం, అది సర్దుకున్నప్పుడు అందరూ ఒక్కసారిగా నిట్టూర్చడం యంత్రం చూపలేదు. పక్కన కూర్చున్నవాడు ఏ కులమో, ఏ భాషో, ఏ ఉద్యోగమో తెలియకుండానే ఇద్దరి తలలూ ఒకే చోట ఊగుతాయి. కచేరీ ముగిశాక పానకం, కోసంబరి పుచ్చుకుంటూ వారు రాగాన్ని గురించి వాదించుకుంటారు. చివరి బస్సు పోతుందేమోనన్న కంగారులో కూడా మంగళం విననిదే లేవనివాడే నిజమైన రసికుడు.

ఈ జూబిలీ సంవత్సరంలో పాఠశాల చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. వారానికొక కృతిని ఎన్నుకొని, పాడడం రాకపోయినా, పదవిభాగంతో అర్థం చెప్పవచ్చు. ఏడాదికొకసారి పై తరగతుల పిల్లలను ఉపాధ్యాయుల వెంట ఒక కచేరీకి తీసుకొని పోవచ్చు. 1905లో స్థాపితమైన బెంగళూరు గాయన సమాజం వంటి సంస్థలు సమీపంలోనే ఉన్నాయి. పూర్వ విద్యార్థులు బస్సు ఖర్చు భరిస్తే చాలు. పిల్లలందరూ గాయకులు కానవసరం లేదు. శ్రోతలైతే చాలు. చెవి, చేయి, భాష మూడూ కలిగిన శ్రోత ఇంటికొకడున్నా ఈ విద్య నిలుస్తుంది, ఈ భాష నిలుస్తుంది.

చిన్నారులారా, పలక మీద మీరు దిద్దిన అక్షరాలే త్యాగయ్య పలికిన అక్షరాలు. దేశదేశాల సభలలో ఆ మాటలు వినిపించేటప్పుడు, వాటి అర్థం పక్కవారికి విడమరచి చెప్పగలవారు మీరు కావాలి. 75 సంవత్సరాలుగా ఈ పాఠశాల వెలిగించిన దీపం శతవత్సరాల పండుగనాటికి మరింత ప్రకాశించాలని, అందుకు మీ చెవులూ మీ గొంతులూ చమురు పోయాలని ఆశీర్వచనం.

శుభం భూయాత్.